తండా గడప దాటి రాని చదువు కబురు
(సేవాలాల్ జయంతి సభలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



భోగ్ అయింది, భోజనాలకి ఇంకా టైం ఉంది. ఈ మధ్యలో ఉపన్యాసం అంటే మీకు విసుగని తెలుసు. ఏటా ఫిబ్రవరి 15న మన చరిత్ర, మన వేషం, మన పాట గురించి చెప్పుకుంటాం. ఈసారి మేం వేరే విషయం ఎంచుకున్నాం. ఎ.కొండూరులో గిరిజన గురుకుల బాలుర పాఠశాల ఉంది. మన తండాల మగపిల్లలు అక్కడ కొందరు, చుట్టుపక్కల హాస్టళ్లలో, జెడ్పీ హైస్కూళ్లలో కొందరు చదువుతున్నారు. వాళ్లు ఏం నేర్చుకుంటున్నారు, ఆ కబురు ఇంటికి ఎలా చేరుతోంది అన్నదే ఇవాళ్టి మాట. ఇది పెద్దల కోసం కాదు. ఇంటరో, డిగ్రీయో, ఐటీఐయో చదివి తండాలో ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ కోసం.

మేం అంటే ఎవరం? సంఘంలో కొందరం గురుకులాల్లో ట్రంకు పెట్టె మోసినవాళ్లం. కొందరం ఇవాళ బళ్లలో పాఠాలు చెబుతున్నవాళ్లం. కొందరం పిల్లల్ని హాస్టల్లో వదిలి వెనక్కి తిరిగి చూడకుండా బస్సెక్కిన తల్లిదండ్రులం. మూడు వైపుల నుంచీ చూశాం కాబట్టే మాట్లాడుతున్నాం.

ముందు చిన్న పాత కథ. మన తాతముత్తాతలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగిన వర్తకులు. రైళ్లు వచ్చాక ఆ బతుకు పోయింది. 1871లో బ్రిటిష్ వాళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. తర్వాత చాలా ప్రాంతాల్లో బంజారాల్ని కూడా ఆ జాబితాల్లో చేర్చారు. స్వతంత్రం వచ్చాక, 1952లో గానీ ఆ చట్టం పోలేదు. అంటే మనవాళ్లలో చాలామందికి సర్కారు రిజిస్టర్లో పేరు ఎక్కడం అంటే ముందు పోలీసు హాజరే, బడి హాజరు ఆ తర్వాత వచ్చింది. కాగితం మీద సంతకం పెట్టమంటే మన ముసలివాళ్లు ఇప్పటికీ ఒక్క క్షణం వెనకాడతారు చూడండి. దాన్ని తెలివితక్కువతనం అనుకోకండి, అది జ్ఞాపకం.

గురుకులాల చరిత్ర అంత పాతది కాదు. 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల మొదలైంది. పి.వి. నరసింహారావు గారి చొరవతో వచ్చిన ఆలోచన అది. ఊళ్లో తెలివైన పేద పిల్లవాడికి అన్నం, పడక, పాఠం ఒకే చోట ఇస్తే ఏమవుతాడో చూద్దాం అన్నదే దాని సారం. గిరిజన పిల్లల గురుకులాలకి విడిగా సొసైటీ 1999లో ఏర్పడింది. ఆ బళ్లు మనకి ఏం ఇచ్చాయో చెప్పాలంటే పూర్ణ పేరు చాలు. నిజామాబాద్ జిల్లా పాకాలకి చెందిన మాలావత్ పూర్ణ, మన బంజారా బిడ్డ, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకి పద్నాలుగేళ్లు నిండలేదు. ఆమె ఫోటో మన ఫ్లెక్సీల మీద ఉంది, ఉండాలి కూడా. కానీ ఫ్లెక్సీ మీద ఒక్కరే పడతారు. మిగతా క్లాసు సంగతేమిటి?

ఇక అసలు విషయానికి వద్దాం.

పిల్లవాడు చిన్న వయసులోనే హాస్టల్‌కి వెళ్తాడు. తెల్లవారకముందే లేవడం, స్నానాలకి వరస, స్టడీ అవర్, ప్రార్థన, క్లాసులు, సాయంత్రం ఆట, మళ్లీ స్టడీ అవర్. అన్నం తిన్న పళ్లెం కడుక్కోవడం, బట్టలు ఉతుక్కోవడం, పక్కవాడితో దెబ్బలాడి మళ్లీ కలిసిపోవడం అన్నీ అక్కడే నేర్చుకుంటాడు. నెలకోసారి ఆదివారం నాడు అమ్మా నాన్నా వెళ్తారు. చెట్టు కింద కూర్చుని ఇంటి కూర తినిపిస్తారు. వచ్చేముందు సారుని కలుస్తారు. "బాగా చదువుతున్నాడా సారూ?" "పర్లేదమ్మా, చదువుతున్నాడు." అంతే. చాలా ఇళ్లకి ఏడాది మొత్తానికి చదువు కబురు ఆ రెండు మాటలే.

ఇందులో సారుది తప్పని మేం అనడం లేదు. క్లాసులో నలభై మంది ఉంటే ఆ ఆదివారం నలభై జతల తల్లిదండ్రులు వరసలో ఉంటారు. ప్రోగ్రెస్ కార్డు ఉంటుంది, నిజమే. ఫార్మేటివ్ పరీక్షలకి, సమ్మేటివ్ పరీక్షలకి మార్కులు, ఏ1, బీ2, సీ1 అని గ్రేడ్లు వేస్తారు. చదువురాని తల్లికి బీ2 అంటే ఏం తెలుస్తుంది? వేలిముద్ర ఎక్కడ వేయాలో మాత్రం చూపిస్తారు. ఇప్పుడు వాట్సాప్‌లో మార్కుల జాబితా ఫోటో వస్తోంది. ఆ ఫోను హైదరాబాద్‌లో పనిచేస్తున్న పెద్దన్న దగ్గరో, ట్రాక్టర్ మీదున్న బాబాయి దగ్గరో ఉంటుంది. కబురు ఊరి దాకా వస్తుంది, గడప దాటి లోపలికి రాదు.

2024 డిసెంబర్ 7న రాష్ట్రంలోని ప్రభుత్వ బళ్లన్నిటిలో ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు. 2025 జులై 10న మళ్లీ పెట్టారు. మంచి పనే. ఆ రోజు కూలి పోగొట్టుకుని తల్లులు బడికి వెళ్లారు. ముగ్గుల పోటీలు, భోజనం, ఫోటోలు. కానీ వెళ్లిన తల్లి ఏం అడగాలో ఆమెకి ఎవరూ చెప్పలేదు. అడగడం తెలిస్తేనే మీటింగు పనికొస్తుంది. అక్కడే మీ అవసరం పడుతుంది.

మార్కులకి, చదువుకి తేడా ఉంది. పదో తరగతిలో ఒక్కో సబ్జెక్టుకి పాస్ మార్కు 35, హిందీకి 20. ముఖ్యమైన ప్రశ్నలు బట్టీ పట్టించి ఆ 35 దాటించవచ్చు. దాటాక ఇంటర్ మొదటి ఏడాది ఫిజిక్స్ పుస్తకం తెరిచిన రోజున గోడ తగులుతుంది. మన మగపిల్లలు చాలామంది ఆగేది అక్కడే. పది పాసై, ఇంటర్‌లో చేరి, ఆరు నెలలకి క్లీనర్‌గానో సెంట్రింగ్ పనికో వెళ్లిన కుర్రాళ్లు మీ తండాలో ఎంతమంది ఉన్నారో వేళ్ల మీద లెక్కపెట్టుకోండి. వాళ్లకి చదువు అబ్బలేదని తండా తీర్పు చెప్పేసింది. ఏడో తరగతిలోనే భిన్నాలు రాలేదన్న కబురు ఎవరికీ చేరలేదు. మా లెక్కలో అసలు జరిగింది ఇది.

మరి ఏం అడగాలి? చాలా చిన్నవి అడగాలి. దేశంలో ప్రథమ్ అనే సంస్థ 2005 నుంచి అసర్ పేరుతో పల్లెల్లో ఇంటింటికీ తిరిగి సర్వే చేస్తోంది. వాళ్ల చేతిలో ఉండేది ఒక్క కాగితం. దాని మీద అక్షరాలు, చిన్న పదాలు, ఒకటో తరగతి స్థాయిలో నాలుగు వాక్యాల పేరా, రెండో తరగతి స్థాయిలో చిన్న కథ ఉంటాయి. లెక్కలకి అంకెలు గుర్తుపట్టడం, తీసివేత, భాగహారం. పిల్లవాడు ఏ మెట్టు మీద ఆగాడో ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. వాడు ఏ తరగతిలో ఉన్నాడన్నది దానికి అక్కర్లేదు. కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యం కూడా ఇలాంటిదే, మూడో తరగతి దాటేసరికి పిల్లలు అర్థం చేసుకుంటూ చదవాలి, మామూలు లెక్కలు చేయాలి.

మాలో కొందరం వేసవి సెలవుల్లో తండాల్లో ఇలాంటి కాగితం పట్టుకుని కూర్చున్నాం. ఎనిమిదో తరగతి పిల్లవాడు కథ గడగడా చదివేశాడు. అర్థం అడిగితే తలదించుకున్నాడు. అదే కథని మన బోలీలో చెప్పాక, ప్రశ్న కూడా మన బోలీలో అడిగితే నవ్వుతూ జవాబు చెప్పాడు. వాడికి బుర్ర లేక కాదు. కళ్లు తెలుగు అక్షరం మీద ఉన్నాయి, ఆలోచన గోర్ బోలీలో నడుస్తోంది. ఇప్పుడు దాని మీద ఇంగ్లీషు మీడియం కూడా వచ్చి కూర్చుంది.

ఇది కాస్త విడమరచి చెప్పాలి. మన గోర్ బోలీ ఇండో ఆర్యన్ కుటుంబానిది, తెలుగు ద్రావిడ కుటుంబానిది. మన బోలీలో ఎద్దు మగ, ఆవు ఆడ, క్రియ కూడా దాన్నిబట్టే మారుతుంది. తెలుగులో ఎద్దూ వచ్చింది, ఆవూ వచ్చింది. మన పిల్లవాడు "ఎద్దు వచ్చాడు" అంటే క్లాసంతా నవ్వుతుంది. వాడు ఆ రోజు నుంచి నోరు తెరవడు. నోరు తెరవనివాడు మొద్దని పేరు పడుతుంది. ఆ వాక్యంలో వాడు పాటించిన వ్యాకరణం సరైనదే, కాకపోతే వేరే భాషది. ఈ మాట సారుకి చెప్పగలిగేది రెండు భాషలూ తెలిసిన మీరే. ఇంకో సంగతి. హిందీ మన బోలీకి దగ్గరి చుట్టం. తెలుగు పిల్లలు తడబడే చోట మనవాడు చకచకా అందుకుంటాడు. ఆ ఒక్క పీరియడ్లో వాడు ముందు బెంచీ వాడు. ఆ ధైర్యాన్ని మిగతా సబ్జెక్టులకి మళ్లించాలని తెలిసిన టీచరు దొరికితే అదృష్టమే.

మన భాషలో పుస్తకాలు ఎప్పుడూ లేవనుకోకండి. ఉమ్మడి రాష్ట్రంలో 2003-04 నుంచి ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతులకి మాతృభాషా విద్య కార్యక్రమం నడిపారు. సవర, కొండ, కువి, కోయ, ఆదివాసీ ఒడియా, గోండి, కొలామీలతో పాటు బంజారా కూడా ఉంది. తెలుగు లిపిలోనే వాచకాలు వచ్చాయి. రాజ్యాంగంలో 350ఏ అధికరణం కూడా భాషాపరంగా మైనారిటీ పిల్లలకి ప్రాథమిక చదువు మాతృభాషలో అందేలా సదుపాయాలు కల్పించే ప్రయత్నం చేయమంటోంది. అయినా 2011 జనగణనలో 32 లక్షల మందికి పైగా తమ మాతృభాష లంబాడీ అని రాయిస్తే, ఆ లెక్కని హిందీ కింద కలిపేశారు. పక్కదారి పట్టినట్టున్నాం, కానీ మన సంఘం మీటింగులో ఇది చెప్పకపోతే ఇంకెక్కడ చెబుతాం!

లెక్కల సంగతి ఇంకా విచిత్రం. సంక్రాంతి నుంచి వేసవి దాకా మిరప కోతలు. సెలవుకి వచ్చిన పదమూడేళ్ల కుర్రాడు అమ్మతో చేలోకి వెళ్తాడు. ఎన్ని కిలోలు కోశారు, కిలోకి ఎంత, అడ్వాన్సు ఎంత పోను చేతికి ఎంత రావాలి, మేస్త్రీ చెప్పేలోపే నోటితో చెప్పేస్తాడు. అదే లెక్క బోర్డు మీద దశాంశాలతో వేస్తే చేయలేడు. మన పిల్లల్లోనే ఇలా అనుకునేవాళ్లం. 2025లో నేచర్ అనే ప్రపంచ ప్రసిద్ధ సైన్సు పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. నోబెల్ బహుమతి పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో అందులో ఉన్నారు. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో కూరగాయలు అమ్మే పిల్లలు బేరం లెక్కలు నోటితో చక్కగా చేశారు, బడి పద్ధతిలో అడిగితే తడబడ్డారు. అటు బజారులో పని చేయని బడి పిల్లలు కాగితం మీద లెక్క చేశారు, బజారు లెక్క వచ్చేసరికి తికమకపడ్డారు. రెండు తెలివులకీ మధ్య వంతెన లేదన్నమాట. మిరప కోత లెక్కనే నోటుపుస్తకంలో దశాంశంగా రాయించడం మీలో ఎవరైనా చేయగల పని. దానికి బీఈడీ అక్కర్లేదు.

అలాగని మిరప కోతని మెచ్చుకోవడం లేదు. సంక్రాంతికి వచ్చిన పిల్లవాడు కోత అయ్యేదాకా బడికి వెళ్లకపోతే ఆ మూడు వారాల్లో ఒక పాఠం మొత్తం పోతుంది. గణితంలో ఒక మెట్టు లేకపోతే తర్వాతి మెట్టు ఎక్కడం కుదరదు. ఇంటి అవసరం మాకు తెలుసు. ఆ రోజుల కూలి డబ్బు దేనికి పోతుందో కూడా తెలుసు. ఇప్పుడు ఆ మాటే చెప్పాలి.

ఎ.కొండూరు మండలం పేరు పత్రికల్లో చూసినప్పుడల్లా మనకి గుండె దడ. మన తండాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లని తినేసిందో బయటివాళ్లకి చెప్పనక్కర్లేదు. ఉత్తరాన ఉద్దానం, ఇక్కడ మనం. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి దాదాపు నాలుగు గంటలు. రానుపోను కలిపితే రోజు గడిచిపోతుంది. నాన్నకి తోడుగా ఎవరు వెళ్లాలి? అమ్మ కూలికి వెళ్లాలి. అక్కకి పెళ్లయింది. మిగిలింది హాస్టల్లో తొమ్మిదో తరగతి చదువుతున్న కొడుకు. సెలవులకి వచ్చినవాడు మళ్లీ వెళ్లడు. బడి రిజిస్టర్లో వాడు డ్రాపౌట్. కారణం రాసే గడి ఉన్నా అందులో ఇదంతా పట్టదు.

ఆ పిల్లవాడే పదో తరగతి దాకా వస్తే జీవశాస్త్రంలో నెఫ్రాన్ బొమ్మ గీస్తాడు. ఒక్కో మూత్రపిండంలో సుమారు పది లక్షల నెఫ్రాన్లు ఉంటాయని రాస్తాడు. భాగాలు గుర్తిస్తే మార్కులు పడతాయి. ఆ బొమ్మకీ, వాళ్ల నాన్న చేతి మీద డయాలసిస్ సూది గుచ్చిన మచ్చలకీ సంబంధం ఉందని క్లాసులో ఎవరైనా చెబుతారా? చెబితే ఆ పాఠం వాడు జన్మలో మరిచిపోడు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. తండా బోరు నీళ్ల పరీక్ష రిపోర్టు తెచ్చి ఆ అంకెని పిల్లలతో చదివించండి. నొప్పి మాత్రలు ఇష్టం వచ్చినట్టు మింగితే కిడ్నీకి ఏమవుతుందో కోత కూలీలైన తల్లులకి వాళ్లతోనే చెప్పించండి. ఇదీ చదువు ఇంటికి రావడం అంటే.

బడికి ఇంటి కబురు చేరడమూ అంతే ముఖ్యం. నాన్నకి డయాలసిస్ మొదలైందని హౌస్ మాస్టరుకి తెలిస్తే, రాత్రి స్టడీ అవర్లో పుస్తకం ముందు పెట్టుకుని దిక్కులు చూస్తున్న పిల్లవాడిని తిట్టడు. పిల్లవాడు తనంతట చెప్పడు, మగపిల్లవాడు కదా, ఏడవకూడదని మనమే నేర్పాం. తల్లి చెప్పదు, చెబితే పంపించేస్తారేమోనని భయం. చెప్పాల్సింది తండాలోని మీరే. ఒక ఫోను చాలు.

అవకాశాల గురించి రెండు ముక్కలు, వీటి మీద తండాల్లో తప్పుడు సమాచారం ఎక్కువ. ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష ఎనిమిదో తరగతిలో ఉంటుంది. వస్తే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. ఉచిత వసతి, భోజనం ఉన్న ప్రభుత్వ గురుకుల పిల్లలకి ఇది వర్తించదు. ఇంటి నుంచి జెడ్పీ హైస్కూలుకి వెళ్లే మన పిల్లలకి వర్తిస్తుంది, వాళ్లే దరఖాస్తు చేయడం లేదు. రెండోది నూజివీడు ట్రిపుల్ ఐటీ. 2008లో మొదలైంది, మనకి పక్కనే. పదో తరగతి మార్కులతోనే సీటు, ఆరేళ్ల చదువు. పదిలో 35 మార్కులతో గట్టెక్కితే చాలన్న మాట తండాలో వింటే మాకు కోపం వచ్చేది అందుకే.

ఇంకో నెలలో పదో తరగతి పరీక్షలు. ఈ నెల రోజులు ఏ శుభకార్యానికైనా పదో తరగతి పిల్లవాడిని హాస్టల్ నుంచి పిలిపించొద్దని నాయక్‌లకి సంఘం తరఫున మనవి చేస్తున్నాం. తప్పినవాళ్లకి సప్లిమెంటరీ ఉంటుంది. తప్పగానే కోతకో, ఊరు దాటి పనికో పంపేయకండి, ఫీజు కట్టించే బాధ్యత సంఘం చూసుకుంటుంది.

ఏప్రిల్ చివర్లో సెలవులిస్తారు, జూన్ 12న బళ్లు తెరుస్తారు. దాదాపు ఏడు వారాలు పిల్లలు తండాలోనే ఉంటారు. ఆ రోజుల కోసం మేం ఒక కాగితం తయారుచేశాం. ఒకవైపు అక్షరాలు, పదాలు, పేరా, కథ, కొన్ని లెక్కలు. రెండోవైపు తల్లి బడిలో అడగాల్సిన నాలుగు ప్రశ్నలు: మావాడు చదివింది సొంత మాటల్లో చెబుతున్నాడా? ఏ లెక్క దగ్గర ఆగిపోతున్నాడు? క్లాసులో నోరు తెరుస్తున్నాడా? ఎన్ని రోజులు రాలేదు? వాటినే మన బోలీలో, తెలుగు అక్షరాల్లో కింద రాశాం. ఫలితం పిల్లవాడికీ, తల్లికీ, వాడి టీచరుకీ తప్ప ఎవరికీ చెప్పకూడదు. వాట్సాప్ గ్రూపులో పెట్టారంటే ఆ పిల్లవాడు మళ్లీ మీ దగ్గరికి రాడు.

తండాకి ఇద్దరు కావాలి. ఒకరైనా ఆడపిల్ల అయితే తల్లులు మనసు విప్పి మాట్లాడతారు. కాగితాలు స్టేజీ పక్కన టేబుల్ మీద ఉన్నాయి. భోజనాలకి లేచేముందు పేరు, తండా, ఫోను నంబరు రాసి వెళ్లండి.

జై సేవాలాల్.